చెల్లెలి పేరున చేసిన ఉద్యోగం

సన్యాసమ్మను ఉద్యోగంలో పెట్టుకున్నప్పుడు ఆస్పత్రి డాక్టరు ఆమె వయసు నాలుగైదేళ్ళు ఎక్కువ రాయించాడు. యుద్ధం రోజులవి. టౌన్ కమిటీ వాళ్ళ ఆస్పత్రి పురుళ్ళ వార్డులో ఆయాలు దొరక్క నానా అవస్థా పడుతున్నారు. టెక్కలి దగ్గరి పల్లె నుంచి మొగుడి వెంట జంషెడ్‌పూర్ వచ్చిన ఈ పిల్ల చూస్తే చిన్నదానిలా ఉంది, ఉన్న వయసు రాస్తే పైవాళ్ళు ఒప్పుకోరని ఆయన మంచి మనసుతోనే ఆ పని చేశాడు. ఆ మంచి మనసు ముప్పై ఏళ్ళు దాటాక తిరిగొచ్చి ఆమె మెడ పట్టుకుంది. రెండు చేతులా రెండు నీళ్ళ బకెట్లు ఎత్తుకుని మెట్లెక్కుతున్న మనిషిని ఆపి, నీకు యాభై ఎనిమిది నిండాయి, ఇక ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నారు. బంతిపూల దండ వేశారు, ఒక గొడుగు చేతికిచ్చారు. అది డెబ్భై ఏడో సంవత్సరం.

విశ్రాంతి తీసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి అప్పటికే ఉన్నాడు. ఆమె భర్త అసిరయ్య కారఖానా కొలుముల్లో ఇటుకలు పేర్చే పని చేసేవాడు. కంపెనీ మనిషి కాదు, కంట్రాక్టరు మనిషి. అందుచేత ఊపిరితిత్తులు పాడైనప్పుడు అవి పూర్తిగా అతని సొంత ఊపిరితిత్తులే అయ్యాయి, వాటితో ఎవరికీ సంబంధం లేకపోయింది. జుగ్సలాయిలో ఎండుమిర్చి గోదాము వెనక వాళ్ళది ఒక్క గది. బస్తాలు దింపిన రోజున ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే తుమ్మి తుమ్మి చచ్చేవాళ్ళు. అసిరయ్య ఆ రోజంతా మంచం పట్టె పట్టుకుని కూర్చునే ఉండేవాడు. మందులు పడితే వాకిట్లోకి నడిచి వచ్చేవాడు, మానితే లేచేవాడు కాడు. పిల్లలు పుట్టలేదు. ఊరందరి పిల్లల్నీ మొదట చేతుల్లోకి తీసుకున్న మనిషికి పిల్లల్లేరని జాలిపడేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు గానీ, ఆ జాలి వినడానికి సన్యాసమ్మకు తీరిక ఉండేది కాదు.

పింఛను వచ్చింది. కూర్చుని తినమని ఇచ్చేదే పింఛను అన్నారు. ఒక మనిషి కూర్చుని తినొచ్చు దానితో, నిజమే. ఇద్దరు తినాలన్నా, అందులో ఒకరు మందులు కూడా తినాలన్నా, ఒకరు లేవక తప్పదు. ఏడాదిన్నర ఎలాగో లాగారు. అసిరయ్య మందులు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడని, మిగిలినవి తలగడ కింద దాస్తున్నాడని ఆమె ఒకనాడు పక్క దులుపుతూ కనిపెట్టింది. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు.

అప్పుడే బిర్సానగర్‌లో టౌన్ వాళ్ళ కొత్త పురుళ్ళ డిస్పెన్సరీ తెరిచారు. అక్కడ కట్లు కట్టే వరహాలు వాళ్ళ వైపు మనిషే. దినకూలీ మీద ఒక ఆయా కావాలి, పని తెలిసినది అయితే మరీ మంచిది అని కబురు మోసుకొచ్చాడు. సన్యాసమ్మకు ప్రాణం లేచొచ్చింది. కానీ పద్ధతి గల మనిషి కదా, ముందు పింఛను కౌంటరుకు వెళ్ళి అడిగింది. నేను మళ్ళీ పనిలో చేరొచ్చా బాబూ అని.

“కామ్ పకడోగీ తో పెన్షన్ బంద్,” అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండానే.

టౌన్ సొమ్ముతో పింఛను తినేవాళ్ళు మళ్ళీ టౌన్ సొమ్ముతోనే కూలి తినకూడదు. చేరిన రోజు నుంచి పింఛను ఆగిపోతుంది. పని పోయాక మళ్ళీ ఇస్తారా అంటే, ఇస్తారు, ఫైలు పట్నా వెళ్తుంది, వచ్చినప్పుడు వస్తుంది. ఆ రావడం ఎలా ఉంటుందో సన్యాసమ్మకు తెలుసు. ఆస్పత్రి తోటమాలి ఆదిబాబు రిటైరయ్యాక నిజాయితీగా చెప్పి కాపలా పనిలో చేరాడు. పింఛను ఆ నెలే ఆగింది. ఏడాది తిరక్కుండా కాపలా పని పోయింది. తర్వాత ఆదిబాబు బతికినంత కాలం ఆ కౌంటరు ముందు నిలబడ్డాడు. పోయాక అతని భార్య నిలబడింది. దినకూలీ అంటే రేపు వద్దంటే వద్దు. దాన్ని నమ్ముకుని పింఛను వదులుకోవడమంటే, కాలు కింద ఉన్న మెట్టు తీసి పై మెట్టుగా వేసుకోవడం లాంటిది.

సర్కారు అంతటితో ఊరుకోలేదు. ఏటా నవంబరులో పింఛనుదారులు వచ్చి రెండు కాగితాల మీద వేలిముద్ర వెయ్యాలి. బతికే ఉన్నానని ఒకదాని మీద, బతకడానికి ఏ పనీ చెయ్యడం లేదని ఇంకోదాని మీద. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా కుదురుతాయని అడిగే ధైర్యం ఆ వరసలో ఎవరికీ ఉండేది కాదు.

దారి చూపించింది చెల్లెలు సింహాచలమ్మ. ఆమె బాగ్‌బేరాలో, రైల్వే యార్డు పక్కన ఉండేది. భర్త పోలరాజు గూడ్స్ షెడ్డులో సరుకు దింపే కంట్రాక్టు కింద పనిచేసేవాడు. ఒక ఆదివారం మొగుడితో కలిసి బావను చూడ్డానికి వచ్చి, అక్క గోడు అంతా విని, చాలా తేలిగ్గా అనేసింది.

“నా పేరెట్టుకుని ఎల్లప్పా. నానెలాగూ ఇంటికాడే కదా ఉంటాను. పేరు ఊరికే పడుండాది.”

“పట్టుకుంటేనో?” అంది సన్యాసమ్మ.

“ఎవులు పట్టుకుంటారు? ఆ డిస్పెన్సరీలో నీ మొకం తెలిసినోలు ఒరహాలొక్కడే. ఆడు మనోడే.”

పోలరాజు బీడీ ఆర్పి నవ్వాడు. “పేరుకేటొదినా, ఇచ్చినంత మాత్రాన అరిగిపోతాదా?”

మంచం మీంచి అసిరయ్య ఏదో అనబోయాడు గానీ దగ్గు అడ్డం వచ్చింది. ఆ దగ్గు ఆగేసరికి అందరి తీర్మానమూ అయిపోయింది.

వరహాలు కాగితాల మీద సింహాచలమ్మ వయసు నలభై రెండు రాయించాడు. అంతకు పైబడితే తీసుకోరు. అసలు సింహాచలమ్మకే అంతకంటే నాలుగేళ్ళు ఎక్కువ. ఇక అక్క సంగతి చెప్పేదేముంది. ఆ విధంగా సన్యాసమ్మ తన పేరు మీద ఉన్నదానికంటే ముసలిది, చెల్లెలి పేరు మీద ఉన్నదానికంటే పడుచుది అయింది. తన వయసుకు తానుండే చోటు ఈ భూమ్మీద ఒక్క అసిరయ్య మంచం పక్కనే మిగిలింది.

ఒకే వేలిముద్ర రెండు పేర్ల కింద పడకూడదని వరహాలు భయపెట్టాడు. దాంతో సింహాచలమ్మ కూతురు పద్మకుమారి పెద్దమ్మ చేత పలక పట్టించింది. బళ్ళో చదివేది, తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే.

“సెయ్యి నొప్పెడతాందే గుంటా,” అనేది సన్యాసమ్మ.

“ఫిర్ సే లిఖో, బడీ మా,” అనేది ఆ పిల్ల, మళ్ళీ రాయమని.

పది రోజుల్లో సింహాచలమ్మ అని హిందీలో వంకరటింకరగా రాయడం వచ్చేసింది. తన పేరు ఏ భాషలోనూ రాయడం రాని మనిషి చెల్లెలి పేరు చక్కగా రాయడం నేర్చుకుంది. పద్మకుమారి చప్పట్లు కొట్టింది. సన్యాసమ్మకు మాత్రం మనసు చివుక్కుమంది, ఎందుకో అప్పుడు తెలియలేదు.

మొదటి నెల కూలి చేతికి రాగానే మందులు పూర్తిగా కొంది. అసిరయ్య పదిహేను రోజుల్లో గోడ పట్టుకోకుండా వాకిట్లోకి వచ్చి, గోదాము హమాలీలతో ముచ్చట్లు పెట్టుకున్నాడు. అది చూసి ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. ఈ మనిషి ఇలా వాకిట్లో కూర్చోవడానికి ఎన్ని అబద్ధాలైనా ఆడతాను అనుకుంది. అనుకోవడం సులువే. ఆడడానికే ఒళ్ళు వంచాలి.

పొద్దున్నే జుగ్సలాయిలో టెంపో ఎక్కి సాక్చీలో దిగి, ఇంకో టెంపో పట్టుకుని బిర్సానగర్ చేరేది. సాక్చీ దాకా సన్యాసమ్మ, అక్కణ్ణించి సింహాచలమ్మ. సాక్చీలో పాత ఆస్పత్రి వాళ్ళు ఎవరైనా ఎదురుపడి “సన్యాసమ్మా” అని పిలిస్తే వినిపించనట్టు పోయేది. ముప్పై ఏళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు, రిటైరయ్యాక దీనికి పొగరెక్కిందని చెప్పుకున్నారు. డిస్పెన్సరీలో సింహాచలమ్మ అంటే వెంటనే పలకాలి. మొదట్లో రెండు మూడు పిలుపులకు గాని తిరిగి చూసేది కాదు. చెవుడనుకుని నర్సులు గట్టిగా అరిచేవాళ్ళు. తర్వాత అలవాటైంది. ఎంత అలవాటంటే, ఒక సాయంత్రం అసిరయ్య మంచినీళ్ళకోసం పేరు పెట్టి పిలుస్తుంటే ఆమె గిన్నెలు తోముకుంటూనే ఉంది. అతను గ్లాసు నేలకేసి కొట్టాడు.

“ఏటే, నీ పేరు నీకే గేపకం నేదా?”

ఆమె గ్లాసు తీసి నీళ్ళు ముంచి ఇచ్చింది. ఏడుపొచ్చింది గానీ నవ్వేసింది.

నవంబరు వస్తే సింహాచలమ్మ ఒక పూట సెలవు పెట్టేది, మా అప్పకు ఒంట్లో బాగోలేదని. ఆ అప్ప అదే పూట పింఛను కౌంటరు ముందు నిలబడి, తాను బతికే ఉన్నాననీ ఏ పనీ చెయ్యడం లేదనీ వేలిముద్ర వేసేది. గుమాస్తా ఆమె చేతుల వైపు చూస్తాడేమోనని కొంగులో దాచుకునేది. ఫినాయిలుకు పగిలిన వేళ్ళు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. గుమాస్తా ఏనాడూ ఆమె మొహమే చూడలేదు, ఇక వేళ్ళెందుకు చూస్తాడు. ఆ సంగతి తెలిసినా ఆమెకు ఏటా ఆ వారం నిద్ర పట్టేది కాదు.

ఎనభై రెండులో ఆర్డరు వచ్చింది. మూడేళ్ళు దాటిన దినకూలీలను పర్మనెంటు చేస్తారట. డిస్పెన్సరీ అంతా పండగ చేసుకుంటుంటే సన్యాసమ్మకు భయం పట్టుకుంది. పర్మనెంటు అంటే అధికారి వచ్చి ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతాడు. మానేద్దామంటే అసిరయ్యకు అప్పటికి సూదిమందు కూడా మొదలైంది. బాగ్‌బేరా వెళ్ళి రెండు ఆదివారాలు చెల్లెలి జీవితమంతా వల్లె వేసింది. ఏ ఏడు పుట్టింది, ఏ రైల్లో వచ్చింది, ఎందరు పిల్లలు, మోచేతి మీద మచ్చ ఎలా పడింది. పద్మకుమారి అధికారిలా కుర్చీలో కూర్చుని హిందీలో గద్దించి అడిగేది. పెద్దమ్మ తడుముకోకుండా చెప్పేదాకా వదిలేది కాదు.

ఆ రోజు డిస్పెన్సరీ వరండాలో బల్ల వేశారు. అధికారి బిహారీ. పక్కన రాసుకోవడానికి టౌన్ ఆఫీసు నుంచి గౌరీదేవి అనే గుమాస్తా వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, తెలుగామె, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆయాలు, ఊడ్చేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, అంతా ఆడవాళ్ళే వరసలో నిలబడ్డారు. పేరు, ఊరు, వయసు దాకా గడగడా నడిచింది. పెనిమిటి పేరు దగ్గర బండి ఆగింది. మొదట నిలబడ్డ ఛప్రా మనిషి ముసుగు కిందికి లాక్కుని గోడ వైపు తిరిగిపోయింది. రెండో ఆమె, హనుమంతుడి యజమాని పేరే అని చెప్పి సిగ్గుతో చచ్చిపోయింది. మన పలాస వైపు మనిషి ఒకతి, కొండ మీద దేవుడి పేరు అంది. ఏ కొండ అంటే, మీరే అనుకోండి అంది. ఒకరి మొగుడి పేరు వెనకున్న ఆమె చెప్పడం, ఆమె మొగుడి పేరు ముందున్న ఆమె తిరిగొచ్చి చెప్పడం. అధికారి బల్ల మీద పెన్సిలుతో కొట్టుకుంటున్నాడు. గౌరీదేవి మాత్రం ఓపిగ్గా రాసుకుంటోంది. మొగుడి పేరు నోటితో అంటే అతనికి ఆయుష్షు తగ్గుతుందని భయపడే ఆడవాళ్ళ మధ్యే ఆమె కూడా పుట్టి పెరిగింది.

సన్యాసమ్మ వంతు వచ్చింది. నేర్చుకున్న పాఠం నోటి చివర సిద్ధంగా ఉంది.

“పతీ కా నామ్?”

“పోలరాజు,” అంది, బళ్ళో హాజరు పలికినట్టు.

అధికారి మొహం వికసించింది. శభాష్, ఈ మొత్తం వరసలో మాట్లాడ్డం వచ్చిన ఆడది ఒక్కతి దొరికింది అని హిందీలో మెచ్చుకున్నాడు. వరసలో ఉన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. గౌరీదేవి కలం ఆగింది. ఆమె తలెత్తి సన్యాసమ్మ మొహంలోకి చూసింది. ఆ చూపు పడ్డాక గాని సన్యాసమ్మకు తాను చేసిన పని తెలిసిరాలేదు. చెల్లెలి మొగుడిని పేరు పెట్టి అనడానికి అడ్డేముంది? రోజూ అనేదే. వయసులూ మచ్చలూ అన్నీ వల్లె వేయించారు గానీ, సింహాచలమ్మ అయితే ఈ ఒక్క మాట దగ్గర నోరు మూసుకుని నిలబడుతుందని అక్కాచెల్లెళ్ళిద్దరికీ తోచలేదు.

గౌరీదేవి పేరు రాసి, తర్వాతి మనిషిని రమ్మంది. పని ముగిశాక అధికారి టీకి వెళ్తే, చేతులు కడుక్కునే వంకతో వెనక కుళాయి దగ్గరికి వచ్చింది. సన్యాసమ్మ అక్కడే గోడకు ఆనుకుని ఉంది.

“ఆ పోలరాజు నీకేటవుతాడు?” అని మెల్లిగా అడిగింది.

సన్యాసమ్మకు అబద్ధం రాలేదు. “మరిదమ్మా.”

“మరి మీ ఇంటాయన?”

“మంచం మీదున్నాడు. ఊపిరాడదు.” ఆమె చేతులు జోడించింది. “పింఛనాపీకండమ్మా. నాకు కాదు, ఆ మందులకి.”

గౌరీదేవి చాలాసేపు చేతులు కడుక్కుంది. ఆమెకు కోపమే వచ్చింది, అబద్ధం ఆడినందుకు కాదు, ఇది తన చెవినే పడినందుకు. చివరికి కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది.

“నానేటీ ఇన్లేదు. పోలరాజు పెళ్ళాం సింహాచలమ్మ అనే రాసినాను, కింద సంతకం నాది. ఇంక నువ్వు ఆవిడివే. తెలిసిందా? రేపొద్దున్న భయమేసిందనో బాగోలేదనో కాదన్నావంటే నీ పింఛనూ పోతాది, నా నౌకరీ పోతాది. ఇద్దరు పిల్లలు నాకు.”

సన్యాసమ్మ ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆమె వెళ్ళిపోయాక కుళాయి కట్టెయ్యడం మర్చిపోయి అలాగే నిలబడింది. బయటపడ్డానన్న సంతోషం రావలసింది. తలుపు వేసి గడియ పెట్టినట్టు అనిపించింది. అంతవరకూ ఏ రోజు కావాలంటే ఆ రోజు మానెయ్యగలిగిన దినకూలీ. ఇప్పుడు పర్మనెంటు. సింహాచలమ్మకు యాభై ఎనిమిది నిండేదాకా కాగితం మీద ఇంకా పదమూడేళ్ళుంది. ఆ గడియ పెట్టింది శత్రువు కూడా కాదు, దయగల మనిషి. తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు.

అసిరయ్యకు చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆమె వీపు రాస్తూ కూర్చుంది.

“మానెయ్యే,” అన్నాడు ఊపిరి అందాక. “నా కోసం నువ్వెవులివో అయిపోతన్నావు.”

“నోర్మూసుకుని పడుకో,” అంది ఆమె. మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట మళ్ళీ రాలేదు.

ఇంకో రెండేళ్ళు అతన్ని ఆ మందులు లాక్కొచ్చాయి. ఎనభై నాలుగు వర్షాకాలంలో, గోదాములో తడిసిన మిరపకాయలు కుళ్ళి వీధంతా ఘాటెక్కిన వారంలో, అసిరయ్య పోయాడు. తెల్లవారుజామున ఆమె ఒళ్ళో తల పెట్టుకునే పోయాడు. డ్యూటీకి తయారవుతూ తల దువ్వుకుంటున్న మనిషి దువ్వెన పక్కన పడేసి అతని తల ఎత్తుకుంది. ఆమెకు దక్కిన అదృష్టం అదొక్కటే.

వరహాలు డిస్పెన్సరీకి కబురు చేర్చాడు. ఏమని చేర్చాలి? సింహాచలమ్మ భర్త పోలరాజు బాగ్‌బేరాలో దుక్కలా ఉన్నాడు. సింహాచలమ్మ అక్క మొగుడు పోయాడని చెప్పాడు. అక్క మొగుడి చావుకు రెండు రోజులు సెలవిచ్చారు. కొత్తగా వచ్చిన నర్సు జానకి, విజయనగరం పిల్ల, అంత దగ్గరి చుట్టం కాదు కదా అంటూనే జాలిపడి సంతకం పెట్టింది. మూడో రోజు సన్యాసమ్మ డ్యూటీకి వెళ్ళింది. ఇంట్లో దీపం వెలుగుతుండగా, వచ్చిన చుట్టాలు నోళ్ళు నొక్కుకుంటుండగా వెళ్ళింది. మొగుడు పోయి మూడు రోజులు కాలేదు, ఇదెక్కడికి ఊరేగుతోంది అని ఆడవాళ్ళు ఆమె వినేలాగే అనుకున్నారు. పురుళ్ళ గదిలో పిల్లలు పుడుతుంటే బకెట్లు మోసింది. ఏడుపు వచ్చినప్పుడల్లా గుడ్డలుతికే చోటుకు వెళ్ళి కుళాయి తిప్పేది.

పదో రోజు ఖర్కాయ్ ఏటి ఒడ్డున జరగవలసినవి జరిగాయి. ముత్తయిదువులు చివరిసారి పసుపూ కుంకుమా పెట్టి, గాజులు రాతి మీద చిట్లగొట్టి, బొట్టు తుడిచి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచారు. తడిబట్టలతో గట్టెక్కుతుంటే సన్యాసమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మందులు లేవు ఇక. ఒక మనిషి కూర్చుని తినడానికి పింఛను చాలు. గౌరీదేవి సంగతి ఉంది, సరే, ఒంట్లో బాగోలేదని పద్ధతిగా చెప్పుకుని, ఆమెనే అడిగి మెల్లిగా బయటపడొచ్చు. ఇక సాక్చీలో ఎవరు పిలిచినా పలకొచ్చు. గుండెల మీంచి బస్తా దించినట్టయింది. మొగుడు పోయిన పదో రోజున ఇంత తేలిగ్గా ఉన్నందుకు సిగ్గేసింది, అయినా తేలిగ్గానే ఉంది.

ఆ సాయంత్రమే చెల్లెలితో చెప్పింది. “సెల్లీ, నానింక ఎల్లనే. సాలు.”

పోలరాజు లేచి బయటికి వెళ్ళిపోయాడు. గది మూలలో పద్మకుమారి తలొంచుకుంది.

“ఏటే? ఏటైనాది?”

అప్పుడు బయటపడింది. గూడ్స్ షెడ్డు కంట్రాక్టరు మారి ఆరు నెలలైంది. కొత్తవాడు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. పోలరాజుకు పని లేదు. బావ మంచం మీద ఉండగా ఎందుకు చెప్పడమని దాచారు. సన్యాసమ్మ ప్రతి నెలా, పేరిచ్చినదానివి కదా అని చెల్లెలి చేతిలో పెడుతున్న భాగంతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

“అయితే నువ్వే ఎల్లి సెయ్యవే. నీ పేరే కదా. నీ నౌకరీయే కదా!”

“ఎలాగెల్తానప్పా?” సింహాచలమ్మ ఏడ్చేసింది. “పేరు నాదే గానీ మొకం నాది కాదు గదా. ఆడకెల్లి నానే సింహాచలమ్మనంటే, నువ్వెవులివే అని గెంటేత్తారు. నిన్నడిగే మొకం నాకు నేదు. కానీ నీకు గాక ఇంకెవులికి సెప్పుకోను?”

నీ మొగుడి కోసం నేను అడగకుండానే పేరిచ్చాను అని ఆమె అనలేదు. అని ఉంటే సన్యాసమ్మ తిట్టిపోసి తప్పించుకునేది. అనలేదు కాబట్టే ఆ మాట గదంతా నిండిపోయింది. సన్యాసమ్మ గోడకు చేరబడి, ఖాళీ మంచం వైపు చూస్తూ కూర్చుంది. చివరికి, సరేలే, ఏడవకు అంది.

మర్నాడు పొద్దున్నే సింహాచలమ్మ గాజులూ కుంకుమ భరిణా కొంగులో దాచి తెచ్చింది. తలుపు గడియ పెట్టింది. సంగతి అర్థమై సన్యాసమ్మ వెనక్కి జరిగింది.

“ఒద్దే! పదకొండు దినాలు కానేదు. నిన్న మీరందరూ కలిసే కదే తుడిసినారు!”

“బొట్టు లేకండా ఎలాగెల్తావప్పా? అడిగితే ఏటి సెప్తావు?”

“ఏదో సెప్తాను.”

సింహాచలమ్మ ఆమె కాళ్ళు పట్టుకుంది. “నా పేరు మీద బొట్టు లేకండా తిరుగుతావా? మీ మరిది బతికుండగానే? ఆయనకేటైనా అయితే నానేటైపోవాల?” ఆమె భయం నిజమైనదే. “ఇది నీకు పెడతన్నాననుకోకు. నాకు పెట్టుకుంటన్నాను. నువ్వు మొకమియ్యి సాలు.”

సన్యాసమ్మ నేల మీద చతికిలబడి కళ్ళు మూసుకుని మొహం ఎత్తింది. చెల్లెలి వేలు నుదుటి మీద ఒత్తింది. గాజులు ఎక్కించడం కష్టమైంది, చేతులు వాచి ఉన్నాయి. వీధిలో చుట్టాలింకా ఉన్నారు కాబట్టి కొంగు కళ్ళ దాకా లాక్కుని, చేతులు చీర మడతల్లో ముడుచుకుని నడిచింది. సాయంత్రం మళ్ళీ వీధి చివర పంపు దగ్గర మొహం కడుక్కుని, గాజులు తీసి సంచిలో వేసుకుని ఇంట్లోకి రావాలి. ఇలా ఇంకా పదకొండేళ్ళు. టెంపోలో కూర్చున్నాక, అసిరయ్య కోసం ఒక్క రోజైనా అతని పెళ్ళాంలా ఏడవలేకపోయానే అనుకుంది. దారి పొడుగునా అదే అనుకుంది.

డిస్పెన్సరీలో అప్పుడే ఒక కాన్పు అయింది. జానకి బయట బెంచీ మీద కూర్చుని టీ తాగుతోంది. సన్యాసమ్మను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. మంచి పిల్ల.

“నిన్న పదో రోజు కదూ సింహాచలమ్మా? అంతా సవ్యంగా జరిగిందా?”

“జరిగిందమ్మా.”

“పోనీలే, బాధపడకు. దేవుడి దయవల్ల మీ ఆయన బాగున్నాడు, నీకు అది చాలు.”

“బాగున్నాడమ్మా.”

“పాపం, మీ అక్క ఎలా ఉంది? పిల్లలు కూడా లేరన్నారు. ఒక్కతే ఉంటే దిగులు పెట్టేసుకుంటుంది. నాలుగు రోజులు దగ్గరుండి ఓదార్చకపోయావా?”

సన్యాసమ్మ లేచి, గోడవారగా ఉన్న బకెట్టు అందుకుంది.

“నానెక్కడమ్మా, డూటీలో ఉన్నాను గదా,” అంది.